యుద్ధశకటపు మాదిరులు



నేటి ప్రసంగమునకు విషయము యుద్ధశకటములు. వీనినే అందఱును ట్యాంకులని పిలుచుచున్నారు. గుడులు, చెఱువులు, చెఱకుతోటలు గల మన సీమలో ఈ ఇనుపబండ్ల ప్రస్తావన మేలయని పెద్దలు కొందఱు తలపవచ్చును. ఏల యనగా, ఇది మనకు దూరపు సంగతి కాదు. తిరుపతినుండి గాని, చిత్తూరునుండి గాని చెన్నపట్టణమునకు రైలులో పోవువారందఱును అరక్కోణము, తిరువళ్లూరు దాటిన పిమ్మట ఆవడి యను స్టేషనును చూచుచునే యున్నారు. 1960వ సంవత్సరము వఱకు మన చిత్తూరు జిల్లాలోనిదైన తిరుత్తణికి ఆవడి యెంతో దూరము కాదు. మన దేశపు సేనకు ప్రధానమైన యుద్ధశకటములు ఆ యూరనే తయారగుచున్నవి. వానిలో గూర్చుండి సరిహద్దును గాచువారిలో మన యూళ్ల బిడ్డలును గలరు. వానికగు వ్యయమో, మనము కట్టు పన్నులలోనిదే.

అప్పుడప్పుడు పత్రికలలో ఒక వార్త కనబడుచుండును. ఇన్ని కోట్లు వెచ్చించి ఒక శకటపు మాదిరిని చేసిరి, సేనవారు దానిని వలదనిరి, అది మూలబడినది అని. అది చదివి, అరుగుమీద గూర్చున్న మనము ‘ప్రజల సొమ్మంతయు నీళ్లపాలయ్యెను గదా’ యని నిట్టూర్చుచుందుము. ఆ నిట్టూర్పులో న్యాయమెంత, అన్యాయమెంత యని విచారించుటయే ఈ ప్రసంగమునకు ప్రయోజనము. ఇందుకు జపాను దేశపు కథ మనకు చక్కని తోడగును.

మొదట ట్యాంకు అను పేరును గూర్చి ఒక మాట. మన రెవిన్యూ లెక్కలలో దొరలు చెఱువును ట్యాంకని వ్రాయుచుండిరి. ఆ మాటయే యుద్ధశకటమునకు నెట్లు వచ్చెను? మొదటి ప్రపంచయుద్ధములో ఇంగ్లీషువారు ఈ బండిని రహస్యముగా నిర్మించుచు, శత్రువుల వేగులకు దెలియకుండుటకై, ఇవి నీళ్లు నిలువచేయు తొట్లు అని చెప్పించిరి. తొట్టికిని వారి భాషలో ట్యాంకనియే పేరు. 1916 సెప్టెంబరు 15వ తేదీన ఫ్రాన్సు దేశములోని సొమ్ము నదీప్రాంతమున ఆ బండ్లు మొదటిసారి యుద్ధమునకు దిగెను. అంతటితో రహస్యము వీడినది గాని, మాఱుపేరు మాత్రము నిలిచిపోయినది.

ఇక మాదిరి యనగా నేమి? బెల్లము వండువారికి ఇది వేఱుగ చెప్పనక్కఱలేదు. గానుగాడి తీసిన రసమును పెనములో గాచుచు, పాకము ముదిరినదో లేదో తెలియుటకు వండువాడు ఒక బొట్టు తీసి చల్లని నీళ్లలో వేసి, వ్రేళ్లతో నులిమి చూచును. బొట్టు నిలువనిచో మరికొంతసేపు కాచును. ఆ బొట్టు తినుటకును గాదు, అమ్ముటకును గాదు. అయినను దానిని వృథా యనువాడు లేడు. బొట్టు చూడక పెనము దించినవాడే పెనమంత బెల్లమును జెఱచుకొనువాడు. వందలకొలది శకటములు చేయబూనుటకు ముందు ఒకటో రెండో చేసి, ఎక్కించి, దింపి, బురదలో నడపి, ఇసుకలో నడపి, ఫిరంగి పేల్చి చూతురు. అదియే మాదిరి. అది నెగ్గినచో మేలు. ఓడినచో, ఎచ్చట ఓడెనో తెలియుట మేలు.

ఇప్పుడు జపాను కథకు వత్తము. 1942 ఏప్రిలు 6వ తేదీన విశాఖపట్టణముమీదను, కాకినాడమీదను బాంబులు వేసిన జపాను ఇదియే. ఆ దినములలో చెన్నపట్టణము వీడి జనులు గుంపులుగుంపులుగా లోపలి జిల్లాలకు తరలిరి. అట్టి జపాను 1945లో ఓడి, ఆయుధములు విడిచెను. వారికి శకటనిర్మాణము క్రొత్త కాదు. 1927లోనే తమ తొలి మాదిరిని నిర్మించుకొనిరి. యుద్ధాంతమున, అమెరికావారి బలమైన శకటముల నెదుర్కొనుటకై చీ-తో, చీ-రీ అను రెండు పెద్ద శకటములను తలపెట్టిరి. వానిలో చీ-తో శకటములు రెండు మాత్రమే పూర్తియయ్యెను. చీ-రీ ఒకటియైనను పూర్తి కాలేదు. గెలిచినవారి చేతికి జిక్కకుండ ఒక చీ-తోను హమనా అను సరస్సులో ముంచివేసిరని ప్రతీతి. పిమ్మట ఆ సరస్సును వెదకిరి గాని అది దొరకలేదు.

1950లో కొరియాలో యుద్ధము పుట్టెను. జపానులోని అమెరికా సేనలు అటు పోవుటచే, దేశరక్షణకై ఒక పోలీసు దళము నేర్పరచిరి. అదియే 1954లో స్వరక్షణసేన యయ్యెను. వారికి అమెరికావారు తమ పాత శకటములనే యిచ్చిరి. యుద్ధమను మాటయే వినగూడని కాలమగుటచే, జపానువారు వానిని కొంతకాలము ‘ప్రత్యేక వాహనములు’ అని పిలిచిరి. ఇంగ్లీషువారు శత్రువునకు వెఱచి పేరు దాచిరి. వీరు తమ ప్రజల మనసునకు వెఱచి పేరు దాచిరి.

ఆ యెరువు బండ్లలో జపాను సిపాయిలకు తోచిన మొదటి కష్టము చాల చిన్నది. అవి పొడవైన మనుష్యుల కొలతకు జేసినవి; జపానువారి కాళ్లకు త్రొక్కుడుమీటలు చక్కగా నందలేదు. రెండవది పెద్దది. ఆ దేశము కొండలమయము. రైలుదారి సన్నము, మూడున్నర అడుగుల వెడల్పు గలది. సొరంగములు ఇఱుకు. ఎంత గొప్ప శకటమైనను రైలుబండి కెక్కి సొరంగము దూరనిచో అది ఉన్నచోటనే యుండవలసినదే గదా! మన యూళ్లలో తేరు కట్టించువారు మొదట రథవీధి వెడల్పును గొలుతురు. తేరు ఎంత సుందరమైనను, మలుపులో తిరుగనిచో స్వామికి ఊరేగింపు లేదు. జపానువారు చేసినదియు అంతమాత్రమే. ముందు వీధిని గొలిచిరి, పిమ్మట తేరును దలచిరి.

అట్లు కొలిచి, 1956-57 సంవత్సరములలో రెండు మాదిరులు చేసిరి. మొదటిదాని పేరు ఎస్.టి.ఏ.-1. అది మిక్కిలి పొట్టిది, నేల కానుకొని పోవునట్టిది. శత్రువు కంటబడదు గాని లోపలివారికి కదల చోటు చాలదు. రెండవది ఎస్.టి.ఏ.-2, ఇంచుక ఎత్తు. రెండింటిని ప్రక్కప్రక్కన నడపి, ఎత్తైనదానిలోని సౌకర్యమే ముఖ్యమని నిర్ణయించిరి. ఆ తీర్పుననుసరించి మూడవ మాదిరిని, నాలుగవ మాదిరిని చేసి, 1961లో దానిని సేనలో జేర్చిరి. ఆ యేటి పేరుతోనే దానిని 61వ రకమనిరి. బరువు 35 టన్నులు, ఫిరంగి గొట్టము 90 మిల్లీమీటర్లు. అట్టివి 560 చేసిరి. ఆ నాటికే ఇతర దేశములలో అంతకు పెద్ద ఫిరంగి గల శకటములు పుట్టినవి. ఆ సంగతి వారెఱుగనిది కాదు. అయినను ఒకటి ముగించి, చేతి పని నేర్చి, పిమ్మట రెండవదానికి బోవుటయే వారు మేలనుకొనిరి.

ఆ కాలముననే మఱియొక చిన్న బండిని గూడ చేసిరి. కొండత్రోవలలో దాగి, శత్రుశకటమును గొట్టి పాఱిపోవునట్టిది. దానిమీద నాలుగు గొట్టములు పెట్టియు మాదిరి చేసి చూచిరి. బండి చిన్నది, భారము పెద్దది. చివరకు రెండు గొట్టములే చాలునని నిశ్చయించి 60వ రకమను పేరుతో సేనలో జేర్చిరి.

తరువాతిది 74వ రకము. దీని మాదిరులను 1968 ప్రాంతమున మొదలిడిరి. మొదటి మాదిరిలో గుండ్లను యంత్రమే సగము పని చేసి గొట్టములో నెక్కించునట్లును, పైనున్న చిన్న తుపాకిని లోపలినుండియే పేల్చునట్లును అమర్చిరి. రెండును పనిచేసినను, ఖర్చు మిక్కుటము, చిక్కు మిక్కుటము. రెండింటిని దీసివేసిరి. కాని చక్రములకు నూనెయు వాయువును నింపిన ఊతములను మాత్రము ఉంచుకొనిరి. వానివలన ఆ శకటము ఏనుగు మోకరిల్లినట్లు ముందునకో, వెనుకకో, ప్రక్కకో వంగగలదు. కొండవాలున నిలిచి పేల్చుటకు అది యావశ్యకము. అనగా తమ నేలకు గావలసినదానిని ఉంచిరి, వింతగా దోచినదానిని విడిచిరి. ఆ శకటములు 893 తయారై, యాబదియేండ్లు సేవచేసి, 2024 మార్చిలో విశ్రాంతి నొందెను.

పిమ్మట వచ్చిన 90వ రకము 50 టన్నుల బరువు గలదగుటచే ఎక్కువగా ఉత్తరపు దీవియైన హొక్కైదోలోనే యుండిపోయినది. ఆ లోటును గమనించి, 10వ రకమను క్రొత్తదానిని 44 టన్నులకు దించిరి. వంతెనలు, త్రోవలు దానికి ఓర్చునట్లు చేయుటయే అందలి యుద్దేశము. 1945 పిమ్మట జపాను శకటమేదియు యుద్ధములో ఒక్క గుండైనను పేల్చలేదు. అయినను వారు మాదిరులు చేయుట మానలేదు. మానినచో చేతిపని మఱచిపోవుదుమని వారికి దెలియును.

ఇప్పుడు మన ఆవడికి వత్తము. 1961లో మన ప్రభుత్వము ఇంగ్లండులోని విక్కర్సు సంస్థతో ఒప్పందము చేసికొని, వారి నమూనా ననుసరించి శకటములు చేయబూనెను. దానికి విజయంత యని పేరు. ఆవడిలో తయారైన తొలి విజయంత 1965లో వెలువడెను. మొదట విడిభాగములు అచ్చటనుండి వచ్చుచుండెను. క్రమముగా ఇచ్చటనే చేయనేర్చిరి. 1971 యుద్ధములో అవి మన సేనతో నుండెను. ఇతరుల పటమును జూచి చేయుట ఇట్లు అలవడినది. స్వంతముగా పటము గీయుట వేఱు విద్య.

ఆ విద్యకు 1974లో శ్రీకారము చుట్టిరి. అర్జునుడను పేర క్రొత్త శకటము నిర్మించుటకు ప్రభుత్వము పదునైదున్నర కోట్ల రూపాయలు మంజూరు చేసెను. 1985లో దాని మాదిరిని ప్రజలకు జూపిరి. కాని అది సేనకు మొదటిసారి యందినది 2004లో. నడుమ ముప్పదియేండ్లు! వ్యయము 300 కోట్లు దాటెను. ఎందుచేత?

మొదటి కారణము ఇంజను. 1500 అశ్వబలము గల ఇంజనును ఇచ్చటనే చేయవలెనని పూనిరి, అది సిద్ధింపలేదు. కడకు జర్మనీనుండి తెప్పించిరి. రెండవ కారణము కోరికలు మాఱుట. పొరుగుదేశములు క్రొత్త శకటములు కొనినప్పుడెల్ల, పెద్ద ఫిరంగి కావలెననియు, మందమైన కవచము కావలెననియు సేనవారు కోరిరి. ఫిరంగి పెరిగినచో బురుజు పెరుగును, బురుజు పెరిగినచో ఇంజనుమీది భారము పెరుగును. బరువు 58 టన్నులు దాటెను. వెడల్పును హెచ్చుటచే రైలుమీద తరలించుటకు ప్రత్యేకమైన బండ్లు కావలసివచ్చెను. తేరు కట్టుచుండగనే దానిపై అంతస్తులు పెంచి, పిమ్మట వీధి చాలలేదనినట్లయ్యెను. తప్పు వడ్రంగిది మాత్రమే కాదు. అంతస్తులు కోరినవారిదియు గలదు. ఇంజనును గూర్చి పని చేయువారు ఎక్కువ ఆశపడిరి. కోరిక మాఱిన ప్రతిసారి పటము మొదటికి వచ్చెను.

అయినను కథ అంతటితో ముగియలేదు. 2000లో 124 శకటములకు ఉత్తరువు వచ్చెను. 2010లో రాజస్థాను ఎడారిలో అర్జునుని, రష్యావారి టి-90 శకటమును ప్రక్కప్రక్కన నడపి పరీక్షించిరి. రష్యా శకటమునకు మనవారిచ్చిన పేరు భీష్ముడు. ఆ పరీక్ష పిమ్మట మఱి 124 అర్జునులకు ఉత్తరువు కలిగెను. 2021 సెప్టెంబరులో మెఱుగుపఱచిన అర్జునులు 118 చేయుటకు ఆవడికి మరల ఉత్తరువు వచ్చెను. దీని బరువు 68 టన్నులు. ఇంత భారమును అన్ని త్రోవలును వంతెనలును మోయలేవను విమర్శ నేటికిని గలదు.

అర్జునుని చుట్టును పుట్టి మఱుగుపడిన మాదిరులు కొన్ని కలవు. 2002 ప్రాంతమున రష్యావారి టి-72 శకటపు శరీరముపై అర్జునుని బురుజు నెక్కించి, 47 టన్నుల శకటమొకటి చేసి, దానికి కర్ణుడని పేరిడిరి. తేలికయైన దేహము, బలమైన ఫిరంగి, తలంపు మంచిదే. సేనవారు అంగీకరింపలేదు. భారతము చదివినవారికి ఈ పేరు పెట్టినవారు శకునము చూచుకొనలేదని తోచకమానదు. అర్జునుని శరీరముపై దక్షిణాఫ్రికావారి పెద్ద ఫిరంగిని నిలిపి భీముడను మాదిరిని చేసిరి. పరదేశపు ఒప్పందము చిక్కులలో బడుటచే అదియు నిలిచిపోయెను. అన్నియు ఇట్లే కాలేదు. పాత విజయంత శరీరమును పొడిగించి, దానిపై 130 మిల్లీమీటర్ల ఫిరంగి నుంచి, కెటపుల్టు అను దానిని చేసిరి. చూచుటకు అతుకులబండివలె నున్నను అది సేనలో జేరి అనేక సంవత్సరములు పనిచేసినది.

ఇందులో మన తెలుగుదేశపు పాలు ఎంత? మీరు తలచినదానికంటె ఎక్కువ. అర్జునుని కాపాడు కవచము పేరు కంచన్. హైదరాబాదులోని కంచన్‌బాగులో లోహవిద్యా పరిశోధనశాల యొకటి కలదు. ఈ కవచము అచ్చటనే పుట్టినది. ఆ పేటనుబట్టియే దానికాపేరు. ఉక్కుపలకల నడుమ వేఱు పదార్థముల పొరలను జేర్చి చేయు కవచము అది, కూర్పు రహస్యము. ఇంజను పరదేశమునుండి వచ్చినను, బిడ్డల ప్రాణములు నిలుపు కవచము మాత్రము పరుల నడుగవలసిన పని లేకపోయెను. అర్జునుని కొఱకై ఏండ్ల తరబడి శ్రమింపనిచో ఈ విద్య మనకబ్బెడిది కాదు.

హైదరాబాదునకు చేరువనే, పూర్వపు మెదకు జిల్లాలోని ఎద్దుమైలారమున 1984లో ఒక కర్మాగారమునకు శంకుస్థాపన జరిగెను. సిపాయిలను మోసికొని, నేలమీద నడచి, నీటిమీద తేలిపోవు శకటములు అచ్చట తయారగుచున్నవి. రష్యావారి నమూనాయే, మనవారు పెట్టిన పేరు సరథ్. 2021 అక్టోబరునుండి ఆవడి, ఎద్దుమైలారము రెండును ఒకే ప్రభుత్వ సంస్థ క్రిందికి వచ్చినవి. ఆ శకటము మీదనే శత్రుశకటములను గొట్టు నాగ్ అను అస్త్రమును అమర్చిరి. ఆ అస్త్రమును హైదరాబాదు పరిశోధనశాలలోనే రూపొందించిరి. 1983లో మొదలైన ఆ ప్రయత్నమునకు చివరి పరీక్ష 2020 అక్టోబరులో పోఖరానులో ముగిసెను. మన ఆలస్యమునకు ఇదియు నొక సాక్ష్యమే.

ఈ పాఠములు మనవారు నేర్చిరా? నేర్చుచున్నారనుటకు ఒక నిదర్శనము గలదు. 2020లో లడఖు కొండలలో చైనాతో సంఘర్షణము వచ్చినప్పుడు, భారీ శకటములు ఆ యెత్తులలో మెలగుట కష్టమని తెలిసినది. అప్పుడు ఆవడి పరిశోధకులును ఒక ప్రైవేటు సంస్థయు గలసి, జొరావరు అను 25 టన్నుల తేలికశకటమును దలపెట్టిరి. దాని మాదిరిని 2024 జూలైలో చూపిరి. ఆ సంవత్సరమే ఎడారిలోను, పిమ్మట మంచుకొండలలోను ఫిరంగి పేల్చి చూచిరి. ముందు కొండను గొలిచి, పిమ్మట బండిని దలచుట ఇచ్చట కనబడుచున్నది. ముప్పదియేండ్లు పట్టిన పని యీతూరి కొలది సంవత్సరములలో మాదిరి వఱకు వచ్చినది. అర్జునునితో చేతులు కాల్చుకొనినవారి విద్యయే దీనికి మూలధనము.

కావున మొదటి ప్రశ్నకు వత్తము. మూలబడిన మాదిరి నీళ్లపాలైన సొమ్మేనా? ఓడినంతమాత్రమున కాదు. జపానువారి పొట్టి మాదిరియు ఓడినదే, నాలుగు గొట్టముల బండియు ఓడినదే. వానికి పట్టినవి కొలదియేండ్లు. అవి నేర్పినవి రెండు తరముల విద్య. కాని కోరిక నిలుకడ లేక, ఒకే మాదిరిని ముప్పదియేండ్లు సాగదీసినచో ఆ సొమ్ములో కొంత భాగము నిజముగనే వృథా. మనము దుఃఖింపవలసినది ఓటమిని గూర్చి కాదు, ఆలస్యమును గూర్చి. బొట్టు నిలువలేదని వండువానిని నిందింపరాదు. పెనము పొయ్యిమీద నుండగా గడియకొక రుచి కోరువానిని మాత్రము అడుగవలసినదే.

గ్రామపెద్దలకు నా విన్నపము ఒకటి. పత్రికలో ఇట్టి వార్త చదివినప్పుడు మూడు సంగతులు విచారింపుడు. ఈ మాదిరిని ఏ నేల కొఱకు గొలిచిరి? పరీక్ష ఎన్నియేండ్లలో ముగిసినది? ఓడినదానినుండి మిగిలిన విద్య యేది? ఓటు అడుగవచ్చిన నాయకులను గూడ ఈ మూడే అడుగుడు. మఱియు, మీ యింటిలో కుఱ్ఱవాడు ఐ.టి.ఐ.లోనో, ఇంజనీరింగు కళాశాలలోనో చదువుచు, ఏదో యంత్రము చేయబోయి అది కదలకున్నచో, డబ్బు దండుగయని గద్దింపకుడు. ఎచ్చట ఆగినదిరా, నాయనా, యని అడుగుడు. రేపు ఆవడిలోనో, కంచన్‌బాగులోనో పటము గీయువాడు వాడే కావచ్చును. ఆ శకటములో గూర్చుండువాడు మీ పొరుగింటి బిడ్డయు గావచ్చును. ఆనాడు ఆ బిడ్డకు కవచమగునది ఈనాడు మీరు చూపిన ఓరిమియే.